కృష్ణా మొగలో ఏడాదిపాటు వృక్షప్లవకాల నమూనాలు: ఏ నెలల్లో, ఎన్ని చోట్ల?

బెజవాడ_బోటనీ
జులై 3, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. పీజీ ప్రాజెక్టు కోసం పులిగడ్డ నుంచి సముద్రం దాకా కృష్ణా పాయలో వృక్షప్లవకాలు (నీటిలో తేలే సూక్ష్మ మొక్కలు) ఏడాది పొడవునా ఎలా మారతాయో చూడాలి. అనుకున్న పద్ధతి ఇది. ఫిబ్రవరి–మే రుతుపవనానికి ముందు, జూన్–సెప్టెంబరు రుతుపవనం, అక్టోబరు–జనవరి ఆ తర్వాత. ప్రతి నెలా 15న ఉదయం 11 గంటలకు, నాలుగు చోట్ల (పులిగడ్డ–పెనుమూడి వంతెన, నాగాయలంక, ఏటిమొగ, సముద్రపు మొగ), 20 మైక్రాన్ల వల లాగి ఫార్మలిన్‌లో భద్రపరచడం. ఉప్పదనం, ఉష్ణోగ్రత, పీహెచ్ కూడా కొలుస్తాం. ఇందులో తప్పులుంటే మొదలుపెట్టకముందే చెప్పండి.

మొగనీరు
జులై 3, రాత్రి 10.42

స్టేషన్లు బాగున్నాయి. కాలాల విభజనే ఈ నదికి నప్పదు.

కృష్ణా మొగకు రుతువును నిర్ణయించేది ప్రకాశం బ్యారేజీ గేట్లు. జూన్‌లో వాన పడినంత మాత్రాన మొగలోకి మంచినీళ్లు రావు. మహారాష్ట్ర, కర్ణాటకల్లో పైజలాశయాలు నిండాలి, తర్వాత శ్రీశైలం, సాగర్, పులిచింతల. అవన్నీ దాటి, కాలువలకు పోగా మిగిలిందే కిందికి వస్తుంది. మామూలు ఏడాదిలో అది ఆగస్టు, సెప్టెంబరు. మన పెద్దల లెక్కలో మఖ, పుబ్బ, ఉత్తర కార్తెలు. జూన్, జులైల్లో మొగ ఇంకా రోహిణి కార్తె నీళ్లతోనే ఉండొచ్చు. మీరు దాన్ని 'రుతుపవనం' గడిలో వేసేస్తారు.

2023లో పరీవాహకంలో వానలు తక్కువ. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఈ రెండు సెప్టెంబర్లనూ ఒకే రుతువుగా సగటు తీస్తే ఆ సగటుకు అర్థం ఉండదు.

అసలు చూడాల్సింది నీరు పాయలో ఎన్నాళ్లు ఉంటుందన్నది. ఊరికే లెక్క కోసం 30 కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు, సగటున 4 మీటర్ల లోతు ఉన్న పాయ అనుకోండి. అందులో పట్టేది 12 కోట్ల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 4.2 టీఎంసీలు. లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు. పాయలో నీరు మొత్తం పన్నెండు గంటల్లో మారిపోతుంది. పది వేల క్యూసెక్కులైతే అయిదు రోజులు. వెయ్యి అయితే కాగితం మీద యాభై రోజులు వస్తుంది గానీ, అప్పటికి నది పెత్తనం పోయి ఆటుపోట్లే నీటిని మారుస్తుంటాయి.

మన ఎండలో, మన వేడిలో డయాటమ్ (సిలికా పెంకున్న వృక్షప్లవకం) కణం రెండుగా చీలడానికి ఒకటి రెండు రోజులు పడుతుందనుకుందాం. పన్నెండు గంటల్లో నీరే సముద్రంలోకి వెళ్లిపోతుంటే అది ఎక్కడ పెరుగుతుంది? ఆ రోజుల్లో మీ సీసాలో దొరికేది పాయలో పెరిగిన పంట కాదు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన సరుకు. అయిదు రోజులు దొరికితే మాత్రం ఒక్కో కణం అయిదారు నుంచి ముప్ఫై దాకా కావచ్చు (మేతకు పోయేవి తీసేయకుండా).

కాబట్టి నెల పేరుకు బదులు, నమూనా తీసిన రోజుకు ముందు వారం రోజుల బ్యారేజీ విడుదలను ప్రతి నమూనా పక్కనా రాయండి.

రేపల్లె_రైతు
జులై 4, ఉదయం 6.25

చిన్న సందేహమండీ. వరద రోజుల్లోనే పొలాల్లో యూరియా, డీఏపీ చల్లుతాం. ఎరువంతా మురుగు కాలువల్లోంచి మొగకే పోతుంది. మరి పాచి అప్పుడే ఎక్కువ పెరగాలి కదా? నిలవకపోవడం ఒక్కటే కారణమా?

మొగనీరు
జులై 4, ఉదయం 8.03

మంచి ప్రశ్న. ఎరువు ఉంది, వెలుతురు లేదు. వరద నీళ్లలో సెక్కీ డిస్క్ (నీటి తేటదనం చూడడానికి దించే పళ్లెం) 20 సెంటీమీటర్లకే కనపడకుండా పోతుంది. కిరణజన్య సంయోగక్రియకు సరిపడే వెలుగు పొర దానికి రెండున్నర నుంచి మూడు రెట్లు. అంటే అర మీటరు, మహా అయితే 60 సెంటీమీటర్లు. నీరు 4 మీటర్ల లోతున అడుగు దాకా కలియతిరుగుతుంటే కణం పగటిపూటలో కూడా దాదాపు ఏడో వంతు సమయమే వెలుగులో ఉంటుంది. వెలుగు పొర లోతును నీరు కలియతిరిగే పొర లోతుతో భాగించి చూడండి. అది 0.2 కంటే తగ్గితే కణం సంపాదన దాని ఊపిరికే చాలదు. ఇక్కడ 0.14.

వరద తగ్గి మట్టి పేరుకోగానే సెక్కీ అర మీటరుకు వస్తే నిష్పత్తి 0.3 దాటుతుంది. ఎరువు ఇంకా నీళ్లలోనే ఉంది, నీరు నిలుస్తోంది, వెలుగు దిగుతోంది. ఈ మూడూ కలిసే పది పదిహేను రోజులే ఏడాదికి పెద్ద పంట. గోదావరి మీద యానాం దగ్గర విశాఖ ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) ప్రాంతీయ కేంద్రం వాళ్లు రోజువారీగా తీసిన నమూనాల్లో కూడా క్లోరోఫిల్ పైకి లేచింది వరద ముమ్మరంలో కాదు, అది తగ్గుముఖం పట్టాకే. నెలకోసారి వెళ్లేవాళ్లకు ఈ కిటికీ తప్పిపోవడానికే ఎక్కువ అవకాశం.

ఇంకోటి. వరద తగ్గే వేళ పైన మంచినీరు, కింద ఉప్పునీరు పొరలుగా నిలుస్తాయి. అప్పుడు పైపొరకు ఆ ఉప్పునీటి పొరే అడుగు. మొత్తం లోతు 4 మీటర్లయినా కణాలు తిరిగేది పైన మీటరున్నరలోనే. వెలుగు చాలీచాలకుండా ఉన్నా బ్లూమ్ (ప్లవకాలు ఒక్కసారిగా పెరిగిపోవడం) వచ్చేస్తుంది. అందుకే ఉప్పదనం పైన ఒకసారి, అడుగుకు అర మీటరు ఎగువన ఒకసారి కొలవాలి. పైన మాత్రమే కొలిచి 'ఉప్పదనం 4' అని రాసుకుంటే కథ సగం తెలియనట్టే.

గాజుపలక_గుంటూరు
జులై 4, మధ్యాహ్నం 1.30

మొగనీరు గారు నీటి సంగతి చెప్పారు, నేను సీసా సంగతి చెబుతా. బోటనీ గారూ, వల వద్దని కాదు. వలతో వచ్చింది జాతుల జాబితాకే పనికొస్తుంది. లీటరుకు ఇన్ని కణాలు అని వల నమూనా నుంచి రాయకండి. 20 మైక్రాన్ల కంటే చిన్నవి కన్నాల్లోంచి జారిపోతాయి, మొగల్లో వేసవిలో తరచూ ఎక్కువుండేవి అవే. మట్టి నీళ్లలో వల పూడుకుపోయి ఎంత నీరు దూరిందో కూడా తెలియదు. లెక్కకు సీసా నీరు లీటరు, జాబితాకు వల. రెండూ తీయండి.

ఫార్మలిన్ పోస్తే కశాభాలున్న (ఈదడానికి తోకలాంటి పోగులున్న) మెత్తటి కణాలు పగిలిపోతాయి. లుగోల్ అనే అయొడిన్ ద్రావణం వాడండి: పొటాషియం అయొడైడ్ 100 గ్రాములు, అయొడిన్ 50 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ లీటరు, గ్లేసియల్ ఎసిటిక్ యాసిడ్ 100 మిల్లీలీటర్లు. ముందు అయొడైడ్‌ను కొద్ది నీళ్లలో కరిగించి, అందులో అయొడిన్ వేయాలి. వరస తిరగేస్తే అయొడిన్ కరగదు. లీటరు నమూనాకు 10 మిల్లీలీటర్లు, పలచటి టీ రంగు రావాలి. మట్టి, సేంద్రియ పదార్థం ఎక్కువుంటే అయొడిన్‌ను అవే తాగేస్తాయి, మర్నాటికి రంగు పోతుంది. మళ్లీ కాస్త పోయండి. సీసాలు చీకట్లో ఉంచాలి. సున్నపు కవచమున్న జాతులు ఈ ఆమ్లంలో కరిగిపోతాయి, వాటి కోసం ఒక చిన్న సీసా విడిగా ఫార్మలిన్‌లో పెట్టుకోండి.

పేరుకోనివ్వడంలో అందరూ తొందరపడతారు. సిలిండరులో సెంటీమీటరు ఎత్తుకు మూడు గంటల లెక్క. 30 సెంటీమీటర్ల సిలిండరుకు 90 గంటలు, దగ్గర దగ్గర నాలుగు రోజులు. 24 గంటలకే పైనీరు తీసేస్తే చిన్న కణాలు సింకులోకి పోయినట్టే. కొన వంచిన సన్నని గొట్టంతో, అడుగు కదలకుండా, మెల్లగా తీయాలి.

లెక్కకు సెడ్జ్‌విక్ రాఫ్టర్ పలక (మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టే గళ్ల పలక): 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు, మొత్తం 1 మిల్లీలీటరు, వెయ్యి గళ్లు. నింపాక పావుగంట ఆగండి. 1 మిల్లీమీటరు లోతు కాబట్టి మామూలు 40 రెట్ల ఆబ్జెక్టివ్ దిగదు. 10 లేదా 20తో చూడాలి. 10 మైక్రాన్ల లోపు కణాలను దీంతో జాతి దాకా చెప్పడం కష్టం.

ఉదాహరణ. లీటరును 20 మిల్లీలీటర్లకు తెచ్చారు. 50 గళ్లలో 210 కణాలు లెక్కపెట్టారు. 50 గళ్లంటే 0.05 మిల్లీలీటరు. 210ని 0.05తో భాగిస్తే 4,200, దాన్ని 20తో హెచ్చిస్తే లీటరుకు 84,000. లెక్కలో తేడా 95% నమ్మకంతో సుమారు 14 శాతం. 400 లెక్కపెడితే 10 శాతానికి దిగుతుంది. స్కెలిటొనీమా (గొలుసుగా ఉండే డయాటమ్) గొలుసులో ఎనిమిది కణాలుంటే ఎనిమిదిగానే రాయండి, కానీ తేడా కట్టేటప్పుడు గొలుసును ఒక్కటిగానే చూడాలి. అవి విడివిడిగా పడ్డవి కావు కదా.

అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ పెంకులు లెక్కలోకి తీసుకోకండి. గేట్లు తీసినప్పుడు ఎగువ నుంచి ఆలకోసీరా లాంటి మంచినీటి డయాటమ్‌ల పెంకులు కుప్పలుగా వస్తాయి. లోపల లుగోల్‌కు ముదురు గోధుమ రంగు పట్టిన పదార్థం ఉంటేనే బతికున్న కణం కింద రాయాలి.

బెజవాడ_బోటనీ
జులై 4, సాయంత్రం 7.15

చాలా కృతజ్ఞతలు. వల, ఫార్మలిన్ మార్చేస్తాను. ప్రతి నెలా 15, ఉదయం 11 అనేది మాత్రం ఎందుకు తప్పు? ఒకే వేళ అయితేనే పోల్చడం కుదురుతుందనుకున్నాను.

లెక్కల_మాస్టారు
జులై 4, రాత్రి 8.50

గడియారం ఒకటే, సముద్రం ఒకటి కాదమ్మా.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు వేళ రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. చాంద్రమాసం 29.53 రోజులు, మన క్యాలెండరు నెల సగటున 30.4. అంటే మీ 15వ తేదీ నెలకు 0.9 రోజు చొప్పున తిథిలో జరుగుతుంది. నాలుగు నెలల 'రుతువు' మొదటి నమూనాకూ చివరిదానికీ మధ్య జరిగేది మూడు రోజుల లోపే. అంటే ఒక రుతువంతా పున్నమి పోట్ల దగ్గరే తీసి, ఎనిమిది నెలల తర్వాతి రుతువంతా అష్టమి దగ్గర తీస్తారు. పర్వపు రోజుల్లో (పున్నమి, అమావాస్యలకు) నీరు జోరుగా కదిలి అడుగు మట్టిని లేపుతుంది, అష్టమికి నెమ్మదిస్తుంది. ఆ తేడా మీ పట్టికలో రుతువుల తేడాగా కనిపిస్తుంది. గణాంక పరీక్ష కూడా తేడా ఉందనే చెబుతుంది, ఎందుకంటే తేడా నిజంగానే ఉంది. కారణమే వేరు.

పదిహేను రోజులకోసారి అన్నా ఇదే గొడవ. ప్రతి వారం వెళ్లగలిగితే పర్వం, అష్టమి రెండూ పడతాయి. కుదరకపోతే వెళ్లిన నెలలో రెండుసార్లు, పున్నమికో అమావాస్యకో ఒకటి, అష్టమికి ఒకటి. ప్రతిసారీ గడియారం చూడకుండా పోటు నిండిన వేళనే ఎంచుకోండి. ఒక చోట మాత్రం పోటుకూ ఆటుకూ రెండూ తీయండి. ఒక్క రోజులోనే ఎంత మారుతుందో తెలిస్తే నెలల మధ్య తేడాను ఎంత నమ్మాలో తెలుస్తుంది.

గాజుపలక_గుంటూరు
జులై 4, రాత్రి 9.20

మాస్టారి మాటకు చిన్న చేర్పు. మడ అడవుల పాయల్లో ఆటు చివర తీస్తే ప్లూరోసిగ్మా, గైరోసిగ్మా, నావిక్యులా పెరిగిపోతాయి. అవి నీళ్లలో తేలే జాతులు కావు, బురద మీద బంగారు గోధుమ పొరగా ఉండేవి, నీటి ఒరిపిడికి లేచినవి. 'వేసవిలో పెన్నేట్ (పొడుగాటి) డయాటమ్‌ల ఆధిపత్యం' అని రాసే ముందు ఆ రోజు సెక్కీ ఎంతో చూసుకోండి.

జాతుల మార్పు మోటుగా చెప్పాలంటే, గేట్లు బాగా తెరిచినప్పుడు ఆలకోసీరా, సెనెడెస్మస్, పీడియాస్ట్రమ్, మైక్రోసిస్టిస్ లాంటి మంచినీటివి. ఉప్పదనం 5 నుంచి 20 మధ్య తిరిగేటప్పుడు స్కెలిటొనీమా, థలాసియోసైరా, సైక్లొటెల్లా. సముద్రమే లోపలికి వచ్చాక కీటోసెరాస్, రైజోసొలీనియా, థలాసియోనీమా, కొసినోడిస్కస్, వాటితో కొన్ని డైనోఫ్లాజెల్లేట్లు (కశాభాలతో ఈదే ఏకకణ జీవులు). సరిహద్దులు గీత గీసినట్టు ఉండవు.

దివి_ఆక్వా
జులై 5, ఉదయం 5.40

ఇంత తెలిసినవాళ్లున్నారు కాబట్టి మా పని ప్రశ్న. మార్చి, ఏప్రిల్‌లో మొగ దగ్గర నీటి మీద రంపపు పొట్టు చల్లినట్టు పసుపు గోధుమ చారలు వస్తాయి. ఆ నీరు రొయ్యల చెరువుకు తోడుకోవచ్చా? 60 మెష్ సంచి కడతాం.

గాజుపలక_గుంటూరు
జులై 5, ఉదయం 7.05

పొట్టులా ఉంటే చాలాసార్లు ట్రైకోడెస్మియం. ఫిబ్రవరి–మే మధ్య బయట సముద్రం ప్రశాంతంగా, వెచ్చగా ఉన్నప్పుడు వచ్చే నీలి ఆకుపచ్చ నాచు. గాలిలోని నత్రజనిని తనే పట్టుకుంటుంది కాబట్టి ఎరువు అక్కర్లేదు. పోటుతో లోపలికి వస్తుంది. తాజాగా ఉన్నప్పుడు కంటే కుళ్లేటప్పుడు ప్రమాదం: అమ్మోనియా పెరుగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది. గాజు గ్లాసులో ముంచి చూడండి, పోగుల కట్టలు కంటికే కనిపిస్తాయి. గాలి దాన్ని ఒడ్డుకు నెడుతుంటే రెండు మూడు రోజులు మోటారు ఆపడమే మేలు.

60 మెష్ అంటే కన్నం పావు మిల్లీమీటరు, 250 మైక్రాన్లు. చేపపిల్లలను, పీతపిల్లలను ఆపుతుంది. 10, 20 మైక్రాన్ల కణాలకు అది సింహద్వారం.

మొగనీరు
జులై 5, ఉదయం 7.48

తోడక తప్పకపోతే ముందు రిజర్వాయరు చెరువులోకి. ఎకరం, మీటరు లోతుకు 4,047 ఘనపు మీటర్లు. 10 పీపీఎం క్లోరిన్ కావాలంటే 30% బ్లీచింగ్ పౌడరు 135 కిలోలు. అయితే బ్లూమ్ ఉన్న నీటిలో సేంద్రియ పదార్థమే క్లోరిన్‌ను మింగేస్తుంది, గంట తర్వాత మిగులు పరీక్ష చేయకుండా డోసు సరిపోయిందనుకోకూడదు. మధ్యాహ్నం బ్లూమ్ నీటి పీహెచ్ 8.5 దాటుతుంది, అప్పుడు క్లోరిన్ బలం బాగా తగ్గుతుంది, ఎండ కూడా విరగ్గొడుతుంది. సాయంత్రం పొద్దుగూకాక వేయండి. చచ్చిన కణాలు వదిలే అమ్మోనియా, ఫాస్ఫేటుతో వారంలో రెండో బ్లూమ్ లేస్తుంది. విత్తనం వదిలే ముందు దాన్ని చూసుకోవాలి.

ప్రయోగశాల_మూల
జులై 5, మధ్యాహ్నం 3.12

క్లోరోఫిల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. కణాల లెక్క ఒక్కటే చాలదు బోటనీ గారూ, ఒక కొసినోడిస్కస్ ఘనపరిమాణం వందల స్కెలిటొనీమాలకు సమానం.

జీఎఫ్/ఎఫ్ (గాజు పీచు) వడపోత కాగితం, చీకట్లో, తక్కువ పీడనంతో. వేసవిలో లీటరు నుంచి రెండు, వరదలో 250 మిల్లీలీటర్లకే కాగితం మూసుకుపోతుంది. బలవంతంగా పంపు పెంచితే కణాలు పగిలి క్లోరోఫిల్ కిందికి కారుతుంది. 90% అసిటోన్ 10 మిల్లీలీటర్లు, 4 డిగ్రీల్లో చీకట్లో ఒక రాత్రంతా. తర్వాత సెంట్రిఫ్యూజ్. 750, 664, 647, 630 నానోమీటర్ల దగ్గర చదవాలి. 750 రీడింగు 0.005 దాటితే మట్టి మిగిలిందని అర్థం, మళ్లీ తిప్పండి. మిగతా మూడింటి నుంచీ 750 రీడింగు తీసేశాక (ఇ664 అంటే 664 దగ్గరి రీడింగు),

క్లోరోఫిల్ ఏ = 11.85 × ఇ664 − 1.54 × ఇ647 − 0.08 × ఇ630

రీడింగులు 0.060, 0.018, 0.014 అనుకోండి. 0.711 − 0.028 − 0.001 = 0.682. దాన్ని 10తో హెచ్చించి, వడపోసిన 0.5 లీటరుతో భాగిస్తే లీటరుకు 13.6 మైక్రోగ్రాములు (క్యూవెట్ 1 సెంటీమీటరు).

ఈ సూత్రం బతికున్న క్లోరోఫిల్‌నూ, చెడిన ఫియోపిగ్మెంట్లనూ సరిగా విడదీయదు. మడ ఆకుల కుళ్లు, వరదలో వచ్చిన ఎండు పాచి ఉన్నచోట అంకె ఉబ్బుతుంది. అక్కడ ఆమ్లం వేసి రెండోసారి చదివే లోరెంజెన్ పద్ధతి వాడండి.

పోషకాల నీటితో జరిగే పెద్ద తప్పు సిలికేటు దగ్గర. గాజు సీసా, గాజు పీచు కాగితం రెండూ సిలికా వదులుతాయి. దానికి ప్లాస్టిక్ సీసా, మెంబ్రేన్ ఫిల్టరు, 4 డిగ్రీల్లో నిల్వ. నైట్రేటు సీసాతో కలిపి గడ్డకట్టిస్తే సిలికేటు గొలుసులు కట్టి రీడింగు తగ్గుతుంది.

మొగనీరు
జులై 5, సాయంత్రం 6.30

సిలికేటు మాట వచ్చింది కాబట్టి. డయాటమ్‌లకు నత్రజని 16 పాళ్లకు సిలికా ఇంచుమించు అంతే కావాలి, ఫాస్ఫరస్ ఒక పాలు. దక్కను బసాల్టు రాళ్ల నుంచి కృష్ణకు సిలికా దండిగానే వస్తుంది. జలాశయాల్లో నీరు నిలిచినప్పుడు అక్కడి డయాటమ్‌లు కొంత తినేసి అడుగున పేరుకుంటాయి. డ్రెయిన్ల నీటిలో నత్రజని ఎక్కువ, సిలికా అంత నిష్పత్తిలో ఉండదు. వేసవిలో కాలువలు కట్టేశాక పాయలోకి వచ్చేది ముఖ్యంగా రొయ్యల చెరువుల నీరే. సిలికా, నత్రజని నిష్పత్తి ఒకటికి దిగువకు వెళ్తే డయాటమ్‌లు వెనకబడి డైనోఫ్లాజెల్లేట్లకూ చిన్న కశాభ కణాలకూ చోటు దొరుకుతుంది. డ్రెయిన్ కలిసేచోటికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి స్టేషన్ పెడితేనే డ్రెయిన్ ప్రభావం ఎంతో చెప్పడానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

పోషకాలను ఉప్పదనం మీద గ్రాఫు గీయండి. నదినీటి బిందువు నుంచి సముద్రపు బిందువుకు సరళరేఖ. బిందువులు రేఖ మీదుంటే కలవడం తప్ప ఏమీ జరగలేదు. కిందికి ఉంటే ఎవరో తింటున్నారు, పైకి ఉంటే మధ్యలో ఎక్కడో కలుస్తోంది. ఫాస్ఫేటు పైకి ఉంటే వెంటనే చెరువుల మీద నింద వేయకండి. మట్టి రేణువులకు అంటుకున్న ఫాస్ఫేటు కూడా ఉప్పునీటిలో విడిపోతుంది.

సముద్రపు బిందువు కూడా ఏడాదంతా ఒకటి కాదు. అక్టోబరు–డిసెంబరులో తీరపు ప్రవాహం దక్షిణానికి మళ్లి ఉత్తరాది నదుల నీటిని మోసుకొస్తుంది, మొగ బయట కూడా ఉప్పదనం తగ్గుతుంది. ఏప్రిల్ సముద్రపు అంకెను నవంబరుకు వాడితే రేఖే తప్పు.

ఉపగ్రహ_చూపు
జులై 5, రాత్రి 10.05

సెంటినెల్–3 ఉపగ్రహ బొమ్మల్లో క్లోరోఫిల్ నేరుగా వస్తుంది కదా, పడవలెందుకు?

ప్రయోగశాల_మూల
జులై 5, రాత్రి 10.31

300 మీటర్ల గడి, కిలోమీటరు పాయ, రెండు పక్కలా మడ. గడుల్లో చాలావాటికి ఒడ్డు తగులుతుంది. పైగా మట్టినీ, మడ ఆకుల టీ రంగునీ క్లోరోఫిల్‌గా చదివేస్తుంది. అది ఎక్కువగా ఉబ్బేది వరదలోనే, అంటే నిజంగా తక్కువ ఉన్నప్పుడు. మట్టి నీళ్ల నాలుక సముద్రంలోకి ఎంతదూరం పోయిందో చూడడానికి మాత్రం 10 మీటర్ల సెంటినెల్–2 బాగుంటుంది, మబ్బు లేకపోతే.

బెజవాడ_బోటనీ
జులై 6, ఉదయం 9.00

సవరించిన పథకం: నెలకు రెండుసార్లు, పర్వానికీ అష్టమికీ, పోటు నిండిన వేళ. రెండు లోతులు. లీటరు సీసా లుగోల్‌తో, జాబితాకు వల. క్లోరోఫిల్, సెక్కీ, పోషకాలు. వరద తగ్గేటప్పుడు మూడు వారాలపాటు మూడు రోజులకోసారి నాగాయలంకలో ఒక్కచోటే. డ్రెయిన్ దగ్గర అదనంగా రెండు. పట్టికలో నెల బదులు గత ఏడు రోజుల విడుదల. సరేనా?

మొగనీరు
జులై 6, ఉదయం 10.22

బాగుంది. మూడు దిద్దుబాట్లు. ఏటిమొగ దాటి దిగువ పాయలు కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం కిందికి వస్తాయి, అటవీ శాఖ అనుమతి కాగితం ఇప్పుడే పెట్టండి. గేట్లు తెరిచాక పెడితే కిటికీ మూసుకున్నాక వస్తుంది. రెండోది, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వస్తే, ముందటి నమూనా ఎలాగూ ఉంటుంది కాబట్టి పడవలు వదిలిన రోజు నుంచి ఒకరోజు విడిచి ఒకరోజు వారంపాటు తీయడానికి పది సీసాలు, లుగోల్ విడిగా ఉంచండి. మూడోది, రిఫ్రాక్టోమీటరును (ఉప్పదనం కొలిచే పరికరాన్ని) ప్రతి ఉదయం డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకు తెచ్చుకోండి. వరదలో ఉప్పదనం 0 ఉన్నచోట 2 చూపిస్తే మీ గ్రాఫులో నది బిందువే జారిపోతుంది.

గాజుపలక_గుంటూరు
జులై 6, ఉదయం 10.40

లుగోల్‌కు ముదురు రంగు గాజు సీసాలే తీసుకోండి, ప్లాస్టిక్ అయొడిన్‌ను పీల్చేస్తుంది. సిలికేటుకు ప్లాస్టిక్, లుగోల్‌కు గాజు. పడవలో తారుమారు కాకుండా మూతలకు రెండు రంగులు వేయండి.